గోటీల పెట్టెలో ఖాళీ గడి

గోటీకి, అదే గాజు గోలీకి, కూడా బొడ్డు ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఈ మాట చెబితే నితీష్ పడీ పడీ నవ్వాడు. నవ్వితే నవ్వనీ, నిజం నిజమే. చేత్తో చేసే రోజుల్లో గాజు కడ్డీ నుంచి గోటీని కత్తిరించిన చోట గరుకుగా ఒక మచ్చ మిగిలేది, అదే బొడ్డు. మిషన్ మీద చేసినవాటికి బొడ్డుండదు. రోలర్ల మధ్య దొర్లి దొర్లి నున్నగా అవుతాయి, మహా అయితే ఒంటి మీద సన్నటి అతుకు గీత కనిపిస్తుంది. నాకు ఇష్టమైనవి ఆ మిషన్ గోటీలే, అవి కూడా మా తాతలు నిక్కర్లేసుకున్న కాలం నాటివి. రంగు మెలికలు తిరిగిందా, ఒక పక్కన మాత్రమే పడిందా, లోపల పిల్లికన్ను లాంటి రంగు చార ఉందా అని చూస్తే ఎప్పటిదో, ఎక్కడిదో చాలావరకు చెప్పొచ్చు. ఇంకా అనుమానం తీరకపోతే ఊదా వెలుగు చిమ్మే యూవీ టార్చి ఉంది. పాతకాలం పసుపుపచ్చ గాజులో కొన్నిట్లో యురేనియం కలిపేవారు, ఆ వెలుగు పడగానే గోటీ అంతా ఆకుపచ్చగా వెలిగిపోతుంది. యురేనియం అన్న మాట మాత్రం మా అత్తమ్మ ముందు ఎత్తను.

జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల మధ్య ఏరుకొచ్చినవీ, నాలాంటి పిచ్చివాళ్ళు పోస్టులో పంపినవీ అన్నీ ఒక చెక్కపెట్టెలో సర్దుకున్నాను. ఒక గడికి ఒక గోటీ. గడి ఖాళీగా ఉంటే నాకు అన్నం సయించదు. మణికొండలో మా ఫ్లాట్‌లో ఎక్కడ అడుగుపెట్టినా పిల్ల బొమ్మలే, ఆ పెట్టె ఒక్కటే పద్ధతిగా ఉంటుంది. పిల్లని చూసుకోవడానికి సిద్దిపేట పక్క పల్లె నుంచి వచ్చిన మా అత్తమ్మ భాగ్యమ్మ పోయిన ఎండాకాలం అందులోంచి ఒకటి తీసి, తలుపు కొట్టుకోకుండా సందులో పెట్టింది. గోటీ పెచ్చు లేచింది. ఆ రోజు నా గొంతు పైఅంతస్తు దాకా వినిపించిందట. అప్పటి నుంచీ ఆవిడ ఆ పెట్టె ఉన్న మూలన ఊడవడం కూడా మానేసింది.

ఆ బుధవారం నేను ఆఫీసుకు సెలవు పెట్టి, హాల్లో చాప పరిచి పెట్టె ముందేసుకున్నాను. మొదటి రెండు వరసలు చూశాను, మూడో వరస వైపు ఇంకా చూపు పోలేదు. మధ్యలో టార్చి చెయ్యి జారి కింద పడింది. తాళంచెవికి తగిలించుకునేంత చిన్న టార్చి అది. వెనక మూత ఊడితే నొక్కి పెట్టేసి, కుక్కర్ కూత పెడుతోందని వంటింట్లోకి వెళ్ళాను. హన్విక అత్తమ్మ దగ్గర నిద్రపోతోంది కదా అనుకున్నాను. ఏడాది దాటి రెండు నెలలైన పిల్ల నిద్ర ఎంతసేపని!

దగ్గు వినిపించి పరిగెత్తుకొచ్చాను. హన్విక చాప మీద కూర్చుని ఉంది. మొహం ఎర్రబడింది, నోట్లోంచి చొంగ కారుతోంది. నేను ఎత్తుకోగానే నా భుజం మీద పాలన్నీ కక్కేసింది. అప్పుడు నా కళ్ళు పెట్టె మీద పడ్డాయి. మూడో వరసలో ఒక గడి ఖాళీగా ఉంది.

అది పసుపుపచ్చ గాజులో తెల్లటి మెలిక ఉండే చిన్న గోటీ. పిల్ల నోట్లో వేలుపెట్టి చూశాను, ఏమీ తగల్లేదు. బోర్లా పడుకోబెట్టుకుని వీపు మీద చరిచాను. ఏడ్చింది. ఏడుపు వచ్చిందంటే ఊపిరి ఆడుతోందన్న మాట, దేవుడా, ఏడవనీ.

"అత్తమ్మా! పిల్ల గోటీ మింగింది!"

ఆవిడ గదిలోంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కన్నంటుకుని లేచినట్టుంది, జుట్టు చెదిరి ఉంది. "గోటీనా? ఏ గోటీ?" అంది.

"పసుపుపచ్చది. ఇగో, గడి ఖాళీగ లేదా?"

ఆవిడ గడి వంక చూసింది, నా వంక చూసింది. నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. "గట్ల మింగదులే బిడ్డా, తెమడ అడ్డం పడ్డదేమో," అని చిన్నగా గొణిగింది.

ఫోన్లో దొరికిన డాక్టరు మాత్రం పెద్దగా కంగారు పడలేదు. ఊపిరి బాగా ఆడుతోందా, నీళ్ళు దిగుతున్నాయా అని అడిగాడు. రెండు గుక్కలు దిగాయన్నాను. "గాజు గోలీ నున్నగానే ఉంటుందమ్మా. కడుపులోకి దిగితే దానంతటదే వచ్చేస్తుంది. సాయంత్రం ఒక ఎక్స్‌రే తీయించండి చాలు," అన్నాడు. మాదాపూర్‌లో మీటింగులో ఉన్న నితీష్ కూడా అదే పట్టుకున్నాడు. "నాలుగింటికి బయల్దేరి కారు తెస్త. ఫికర్ జేయకు రేఖా."

ఫికర్ చేయకుండా ఉండటం నా వల్ల అయ్యే పనేనా? పిల్లని ఒళ్ళో పెట్టుకుని నాకు నేనే పాఠం చెప్పుకోవడం మొదలుపెట్టాను. అది మిషన్ గోటీ, బొడ్డు లేదు, గరుకు లేదు, ఎక్కడా గీరుకోదు. పెచ్చు లేదు, పోయిన నెలే చూశాను. దాని మీద అతుకు గీత కూడా వేలికి తగలదు. నాకు తెలిసినదంతా ఒక్కొక్కటే తీసి భయానికి అడ్డం పెట్టాను. ఖాళీ గడి ఎదురుగా ఉంటే ఇంకో సాక్ష్యం ఎందుకనుకున్నాను.

కానీ పిల్ల తేరుకోవడం లేదు. చొంగ ఆగడం లేదు. మెడ ఒక పక్కకు వాల్చి, పాలసీసా చూపిస్తే మొహం తిప్పేసుకుంది. మూలుగు మాత్రం పైకి వస్తోంది. నితీష్‌కి మళ్ళీ ఫోన్ చేస్తే తీయలేదు. నా బిడ్డ నా చేతుల్లోనే ఉండి ఏమైపోతుందోనని భయమేసింది. ఆపుకోలేక బావురుమన్నాను. అత్తమ్మ ఎదురుగా నేను ఏడవడం అదే మొదటిసారి.

ఆవిడ చప్పున వచ్చి నా పక్కన కూలబడింది. "ఏడ్వకు బిడ్డా. నీకు దండం బెడ్త, ఏడ్వకు. పిల్ల గోటీ మింగలే. గోటీ నా తాననే ఉంది."

నాకు అర్థం కాలేదు. ఆవిడ లేచి గదిలోకి వెళ్ళి, ఉయ్యాల తాడుకు కట్టిన నల్లగుడ్డ మూట విప్పుకొచ్చింది. దిష్టికని కట్టిన మూట అది. రాళ్ళుప్పు, పసుపు కొమ్ము, ఎండుమిరపకాయలు, వాటి మధ్య పసుపుపచ్చటి గోటీ.

"పిల్లకు ఊకె దిష్టి తగులుతుందని నిన్న కట్టిన. కన్ను లెక్క గోటీ మూటల ఉంటే చెడుకన్ను దాని మీద పడ్తదంటరు మా దిక్కు. నువ్వు ఆఫీసుకు పోయినంక తీసిన. జెప్పుదామనుకున్న... ఇగ తిడ్తె తిట్టు. పిల్లకేం గాలే, అది జాలు."

తిట్టడమా? ఆవిడ చేతులు పట్టుకుని నవ్వాను. కన్నీళ్ళు కారుతూనే నవ్వాను. గోటీ ఇక్కడుంది, కాబట్టి పిల్ల కడుపులో లేదు. తెమడే అయ్యుంటుంది. ఆవిడ కూడా కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. ఇద్దరం కలిసి నవ్వుకోవడం ఎప్పుడు జరిగిందో గుర్తులేదు.

అయినా నా బుద్ధి ఊరుకోదు కదా. సోడాసీసాల్లోంచి తీసిన గోటీలు ఆవిడ దగ్గర కూడా రెండు మూడున్నాయి. ఇది అందులోది కాదని ఏమిటి నమ్మకం? తెల్ల మెలిక అతుకు గీత దగ్గర కొక్కెంలా వంగింది, నాదే. రంగూ నాదే. అయినా టార్చి వేసి ఆకుపచ్చ వెలుగు కళ్ళారా చూస్తేనే నాకు నిమ్మళం. టార్చి తీసి నొక్కాను.

వెలగలేదు.

మళ్ళీ నొక్కాను. పొద్దున రెండు వరసలకూ బాగానే వెలిగిన టార్చి. వెనక మూత తీశాను. అందులో రెండు బిళ్ళ బ్యాటరీలుండాలి, ఒకటే ఉంది. పొద్దున టార్చి కింద పడటం, మూత ఊడటం, లోపల చూడకుండా నొక్కేయడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. చాప ఎత్తి దులిపాను. సోఫా కింద చెయ్యి పెట్టి తడిమాను. లేదు. రూపాయి బిళ్ళంత ఉండే ఆ వస్తువు ఎక్కడుందో నాకప్పటికే తెలుసు.

"ఏందే? ఏమైంది?" అంటోంది అత్తమ్మ. టార్చి చూపించాను.

గచ్చిబౌలిలో పిల్లల దవాఖాన ఎమర్జెన్సీకి ఫోన్ చేశాను. అక్కడి డాక్టరమ్మ గోటీ అన్నంతసేపూ నెమ్మదిగా వింది. బ్యాటరీ అనగానే గొంతు మారిపోయింది. "బిళ్ళ బ్యాటరీయా? ఒక్క నిమిషం ఆగొద్దు, బయల్దేరండి. పాపకి ఏడాది దాటింది కదా? ఇంట్లో తేనె ఉంటే దారిలో పది నిమిషాలకోసారి రెండు చిన్న చెంచాలు నాకించండి. ఇంకేమీ పెట్టొద్దు, వాంతి చేయించొద్దు." ఎందుకని అడిగాను. అడగకపోయినా బాగుండేది. "అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడే కాల్చడం మొదలుపెడుతుందమ్మా."

వాచ్‌మన్ నర్సయ్య ఆటో ఆపాడు. అత్తమ్మ ఊరి నుంచి తెచ్చిన తేనెసీసా ఒక చేత్తో, చెంచా ఒక చేత్తో పట్టుకుని చెప్పుల్లేకుండా ఎక్కింది. ఆఫీసు బస్సులూ క్యాబులూ కలిసి రోడ్డు ఎక్కడికక్కడ బిగుసుకుపోయి ఉంది. నేను పిల్ల తల పట్టుకుంటే ఆవిడ తేనె నాకించింది. "మింగు తల్లీ, నా బంగారం, జర మింగు," అని బతిమాలుతూ తనూ గుటక వేస్తోంది. ఫ్లైఓవర్ కింద బండ్లు ఆగిపోతే డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "చిన్నపిల్ల ఉందన్నా! జరుగుండ్రి, దండం బెడ్త!" కొందరు జరిగారు, కొందరు హారన్ కొట్టారు. గోటీని అన్ని రకాలుగా తిప్పి చూసే నేను ఆ బ్యాటరీని కొన్న రోజు కూడా సరిగా చూడలేదు. లోపల ఇప్పుడు ఎంత కాలిందో అనుకుంటుంటే నా గొంతు కూడా మండుతున్నట్టే ఉంది.

ఎక్స్‌రే తెర మీదికి వచ్చింది. ఆటోలోంచి నేను పెట్టిన మెసేజ్ చూసి నితీష్ అప్పుడే పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చాడు. చిన్న చిన్న పక్కటెముకల మధ్య, గొంతుకు కొంచెం కింద తెల్లటి గుండ్రం. గోటీ అయితే నిండుగా ఒకే గుండ్రం కనబడాలి. దీనికి అంచు వెంబడి లోపల ఇంకో గీత ఉంది, బిళ్ళ బ్యాటరీ అంచుకు ఉన్నట్టే. డాక్టరమ్మ చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

పిల్లని మా చేతుల్లోంచి తీసుకుని లోపలికి తీసుకెళ్ళారు. గొట్టం వేసి తీస్తారట. తలుపు మూసుకుంది.

"పొద్దుగాలనే గోటీ నీ తాన ఉందని చెప్తే ఏమైతుండే అమ్మా?" అన్నాడు నితీష్. జరిగిందంతా నేను అప్పుడే చెప్పాను. "అప్పుడే చెప్తే అప్పుడే వస్తుంటిమి కదా!"

అత్తమ్మ తలెత్తలేదు. "భయమైంది బిడ్డా," అంది.

"దేనికి భయం?"

ఆవిడ ఓరగా నా వంక చూసి, కళ్ళు దించేసుకుంది. నితీష్‌కి అర్థమైందో లేదో గానీ నాకు అర్థమైంది. ఆ తలుపు వెనక నా బిడ్డ ఉంది. తలుపుకు ఇవతల, నా మాటకు భయపడి ఇంతసేపు నోరు కుట్టుకున్న మనిషి ఉంది. నేను ఏడవకపోయి ఉంటే ఆవిడ సాయంత్రం దాకా చెప్పేది కాదు. సాయంత్రం దాకా మేం, గోటీ కిందికి దిగిపోవాలని అరటిపండు తినిపిస్తూ కూర్చునేవాళ్ళం.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "తీసేశాం," అంది డాక్టరమ్మ. "లోపల కొంత కాలింది, తూటు పడలేదు. తేనె మంచి పని చేసింది. కానీ ఇప్పుడే ఏమీ చెప్పలేం. కొన్ని రోజులు ఇక్కడే ఉంచి, మళ్ళీ గొట్టం వేసి చూస్తాం." ఆవిడ వెనక నుంచి హన్విక ఏడుపు వినిపించింది. బొంగురుగా, పిల్ల గొంతులానే లేదు. నా భయం ఆ ఏడుపుతో పోలేదు, ఇంకో రకంగా మారి అక్కడే ఉండిపోయింది.

ఐసీయూ బయట బెంచీ మీద అత్తమ్మ పిడికిలి విప్పింది. ఇంటి దగ్గర కొంగున ముడేసి తెచ్చిన ఆ మూట, ఆటో దిగినప్పటి నుంచీ ఆవిడ చేతిలోనే ఉంది. ఉప్పు చెమటకు తడిసింది. గోటీ తీసి కొంగుతో తుడిచి నా ముందుకు చాపింది. "ఇగో, నీది నువ్వు దీసుకో. పెచ్చు లేవలే, చూస్కో," అంది.

నేను చూసుకోలేదు. గోటీని మళ్ళీ ఉప్పులో, మిరపకాయల మధ్య పెట్టి గుడ్డ కొసలు దగ్గరికి లాగాను.

"మళ్ళ కట్టు అత్తమ్మా. లోపల పిల్ల మంచం కాడ పెట్టనిస్తరేమో అడుగుదాం."

ఆవిడ కట్టబోయింది. తడిసిన గుడ్డ జారి ముడి పడలేదు. ఒక కొస నేను పట్టుకున్నాను.