సున్నా వచ్చిన సంబరం

నేను ఒక కీబోర్డుని. తెలంగాణలో ఒక జిల్లా మెడికల్ కాలేజీ లైబ్రరీలో, కిటికీ పక్కన ఉన్న కంప్యూటర్ ముందు నా ఉద్యోగం. నాకున్న లోటు ముందే చెప్పేస్తాను. తెర నాకు కనబడదు. దాని కిందే పడి ఉంటాను కదా, తలెత్తితే మనుషుల మొహాలే కనిపిస్తాయి. ఏం కొట్టారో వాళ్ల వేళ్లు చెబుతాయి. ఏం వచ్చిందో మొహాలు చెబుతాయి.

ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి మొహం సరిగ్గా చూడకముందే అట్టపెట్టెలో పెట్టేశారు. పెట్టె తెరుచుకున్నది ప్రిన్సిపాల్ ఆఫీసులో. అక్కడ కొన్నాళ్లు సర్క్యులర్లు మోశాను. ఒకరోజు గుమాస్తా నా మీద టీ ఒలకబోసి, పనికిరాదని లైబ్రరీకి పంపేశాడు. ఆఫీసుకు పనికిరానిది చదువుకు సరిపోతుందనుకున్నారు కాబోలు.

లైబ్రరీలో నేను చూడని వింత లేదు. వైద్య పరిశోధనలన్నీ ఒకచోట దొరికే డేటాబేస్ ఉంది. పిల్లలు అందులో పాఠం వెతకడానికి వచ్చి, తమ తలనొప్పి వెతుక్కునేవారు. మెదడులో గడ్డ ఉందని తేల్చుకుని, తెల్లమొహాలతో హాస్టల్‌కి పోయేవారు. నా ఒంటి మీద అన్నిటికన్నా ఎక్కువ అరిగింది బ్యాక్‌స్పేస్. సిగ్గుపడ్డ మనిషి వేలు ముందు వెళ్లేది దాని మీదికే.

ఇక తిరుమలేశ్ సంగతి. పిల్లల వార్డులో పీజీ చేస్తున్నాడు. మిరప చేలల్లో, రాళ్ల క్వారీల్లో తేలు కుట్టి వచ్చే పిల్లల మీద థీసిస్ రాయాలని పట్టుబట్టాడు. సోమవారం మీటింగులో డిపార్టుమెంటు పెద్దలు ఆ టాపిక్ ఒప్పుకోవాలి. లేకపోతే ఆరునెలలు పోతాయి, పైగా వాళ్లిచ్చిన టాపిక్ మీద రాయాలి.

శనివారం వచ్చి నా ముందు కూర్చున్నాడు. థీసిస్ పేరు మొత్తం కొట్టాడు. ఇంగ్లీషులోనే లెండి, మీకు తెలుగులో చెబుతున్నాను. "మా జిల్లా పెద్దాసుపత్రికి వచ్చిన తేలుకాటు పిల్లలపై ఒక అధ్యయనం." మొదట్లో, చివర్లో కొటేషన్లు పెట్టి ఎంటర్ కొట్టాడు. మొహం వెలిగిపోయింది.

"ఒరేయ్ సంతోష్! సున్నా రా! ప్రపంచంల ఒక్కడు గూడ చెయ్యలే!"

పక్క కుర్చీలో కునుకుతున్న స్నేహితుడు ఒక కన్ను తెరిచాడు. "సున్నా వస్తె గింత సంబురపడెటోన్ని నిన్నే చూస్తున్న రా."

సోమవారం సెమినార్ హాల్లో కీబోర్డు మొరాయించింది. లైబ్రరీ నుంచి నన్ను పట్టుకుపోయారు. అలా ఆ మీటింగుకి నేనూ వెళ్లాను.

"ఈ విషయం మీద ఇదే మొదటి అధ్యయనం మేడమ్," అన్నాడు తిరుమలేశ్ గొంతు సవరించుకుని.

అతని గైడు డాక్టర్ సులోచన. ఆ వార్డులోనే తల నెరిసిన మనిషి. ఆమె చిన్నగా నవ్వింది. "గట్లనా? ఎట్ల వెతికినవో మా అందరికి చూపియ్యి."

మళ్లీ అదే కొట్టాడు. మళ్లీ సున్నా.

"కొటేషన్లు తియ్యి. నువ్వు పెట్టుకున్న పేరే ఇంకొకడు మక్కికి మక్కి పెట్టుకుంటడా? జిల్లా తియ్యి. తేలుకు జిల్లాలు తెలుస్తయా?"

హాలంతా నవ్వింది. బ్యాక్‌స్పేస్ మీద అతని వేలు తడిగా ఉంది.

"కాటు ఒక్కటే వెతికితే ఎట్ల? కొందరు విషమని రాస్తరు. రెండింట్ల ఏదున్నా దొరికేటట్టు మధ్యల 'ఆర్' పెట్టు, బ్రాకెట్ల పెట్టు. తర్వాత 'ఆండ్' పెట్టి పిల్లలు అని కొట్టు."

కొట్టాడు. నవ్వులు ఆగిపోయాయి. ముందు వరుసలో ఎవరో "అబ్బో, పేజీలకు పేజీలే" అన్నారు. తిరుమలేశ్ చెవులదాకా ఎర్రబడ్డాడు.

"పాతయి పైకి వచ్చేటట్టు పెట్టు," అంది మేడమ్. కుర్చీలో వెనక్కి వాలింది. "ఇప్పుడు మొదటిది తెరువు. రాసింది ఎవరో గట్టిగ చదువు."

పక్క రాష్ట్రంలో ఏదో చిన్న ఊరి డాక్టర్ పేరు చదివాడు.

"అది గాదయ్యా, మొదటిది."

"ఇదే మొదటిది మేడమ్."

ఆమె లేచి తెర దగ్గరికి వచ్చింది. అప్పుడు ఆ మొహం నాకు బాగా దగ్గరగా కనిపించింది. కళ్లు పైనుంచి కిందికి దిగుతూ ఒకచోట ఆగాయి.

"నాలుగోది మీదే మేడమ్," అన్నాడు తిరుమలేశ్ మెల్లగా. "మన ఆసుపత్రే. మన వార్డే." తలదించుకున్నాడు. రోజూ ఆమె వెనకే రౌండ్లకు తిరిగినవాడు, ఆమె రాసిందే వెతకలేకపోయాడు.

ఆమె అతని వైపు చూడలేదు. "అందుల మొదటి పేరాల ఏమున్నదో చదువు."

అతను ఆ పేరా దాకా వెళ్లి, మేడమ్ వైపు చూశాడు.

"చదువు బిడ్డా."

"ఈ విషయం మీద... ఇదే మొదటి అధ్యయనం."

మేడమ్ వేలు వచ్చి నా బ్యాక్‌స్పేస్ మీద ఆనింది. నొక్కలేదు. అలాగే ఉంది. ఎన్నో వేళ్లు చూశాను, అంత బరువైన వేలు చూడలేదు. అచ్చయిపోయిన మాటను చెరిపే కీ నా దగ్గర లేదు.

"ఆ పై మూడు నేను ఇయ్యాల్నే చూస్తున్న," అంది చివరికి, అందరికీ వినబడేలా. "నువ్వయితే ఎవ్వరు చెయ్యలేదని రాయకు. నాకు దొరకలేదని రాయి. యాడ వెతికినవో, ఏం మాటలతోని వెతికినవో గూడ రాయి. అప్పుడు వెనకొచ్చెటోడు నీ తప్పు పట్టుకుంటడు."

"టాపిక్కు మేడమ్?"

"ముందు ఆ నాలుగు చదువు, తర్వాత మిగిలినయి చూడు. వాళ్లు చూడంది ఏమన్న మిగిలి ఉంటే, అదే నీ టాపిక్కు. శుక్రవారం రా."

తిరుమలేశ్ శుక్రవారం వెళ్లాడు. టాపిక్ నిలబడింది. తేలుతో కుట్టించుకుని బతికిన పిల్లలు ఇంటికి పోయాక ఎలా ఉన్నారన్నది ఎవరూ... క్షమించండి, అతనికి దొరకలేదు.

ఇప్పుడు నేను స్టోరు గదిలో, విరిగిన మౌస్‌ల మధ్య ఉన్నాను. బ్యాక్‌స్పేస్ మీద రాత పూర్తిగా చెరిగిపోయింది. దాన్ని అరగదీసిన వేళ్లలో దేని మీదా నాకు చులకన లేదు. కానీ గుర్తుంచుకున్నది మాత్రం, దాన్ని నొక్కకుండా ఆగిన ఆ ఒక్క వేలినే.