తడిపిన ఆకు

పొద్దున దుప్పటి మడతేశాను కదా, వేశాను, నాలుగు మూలలూ కలిపి అంచుకు అంచు ఆనించి వేశాను, ప్రేమలత చూసింది కూడా, పెళ్లయిన పన్నెండేళ్లలో ఈ మూడు నెలలు తప్ప నా దుప్పటి నేను మడతేయడం ఎన్నడు చూసింది కనుక, గడపలో నిలబడి నవ్వింది, ఆ నవ్వు చూసి గుర్తొచ్చింది, దుబాయిలో నా గదిలో ఉన్న రాజలింగం కూడా ఒక శుక్రవారం ఇట్లాగే మడతేశాడు, నేనూ ఇట్లాగే నవ్వాను.

ఇప్పుడు పొద్దు వాలింది, వాకిట్లో నీళ్ల తొట్టి ముందు కూర్చుని తునికాకు తడుపుతున్నాను, ఇవాళ తడిపితేనే రేపటికి మెత్తబడుతుంది, మెత్తబడితేనే కత్తెరకు తెగుతుంది, అప్పుడు ప్రేమలత చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తుంది, కోరుట్లలో ఏ వాడకు పోయినా ఆడవాళ్ల పని ఇది, దుబాయి నుంచి వచ్చిన నాకూ ఇప్పుడు ఇదే డ్యూటీ, పక్కింటి పోశవ్వ గోడ మీంచి తొంగిచూసి ఏంరా వీరేందరూ, దుబాయిల మేడలు కట్టినోనివి ఆకు ముంచుకుంట కూసున్నవా, బీడీల పింఛను గూడ రాయించుకో ఇగ అంటుంది, రాయించుకుంట పెద్దమ్మా, నీ పక్కన్నే లైన్ల నిలవడుత అంటాను, నవ్వుతుంది, నాకూ నవ్వొచ్చింది, చూశావా, బాగైనట్టే, బాగైనట్టే అనుకోగానే మళ్లీ అదే శుక్రవారం.

దుబాయి నుంచి వచ్చి ఎవరితో మాట్లాడకుండా పడుకుంటే, ముందు అమ్మ కొండగట్టుకు తీసుకుపోయి గుడిలో నిద్రలు చేయించింది, అంజన్న ఏమన్నాడో నాకు వినపడలేదు, ఆ తర్వాత ప్రేమలత జగిత్యాలలో డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది, ఆవిడ గోలీలు రాసి, గోలీలు సగమే పని చేస్తయి వీరేందర్, తక్కిన సగం నీ చేతుల్నే ఉన్నది అంది, పొద్దుగాల లేవు, పక్క తియ్యి, గడ్డం గీసుకో, మార్కెట్ యార్డు దాకా నడిచిరా, చేతులకు ఏదన్న పని పెట్టు, రోజుకొక్కరితోనన్న ముచ్చట పెట్టు అంది, మూడు నెలలుగా ఒక్కటి తప్పకుండా చేస్తున్నాను, ఇవన్నీ రాజలింగం కూడా చేసిండు మేడం అని మాత్రం చెప్పలేదు, ఎట్లా చెప్తాను, ఒక్కరోజే చేసిండు, ఆ ఒక్కరోజు చూసి నేను సంబురపడ్డ అని ఎట్లా చెప్తాను.

రాజలింగానిది సిరిసిల్ల, సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపిన మనిషి, సాంచాలు మూతబడితే దుబాయికి వచ్చాడు, క్యాంపు గదిలో కింది మంచం ఆయనది, పైది నాది, వాళ్లమ్మ చనిపోతే కంపెనీ పోనివ్వలేదు, దహనం ఫోనులో చూశాడు, నడుమ సిగ్నల్ పోయి చితి దగ్గరే బొమ్మ ఆగిపోయింది, ఆగిన బొమ్మనే పట్టుకుని కూర్చున్నాడు, ఆనాటి నుంచి మాట లేదు, స్నానం లేదు, గడ్డం మాసింది, డ్యూటీ నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు, ఒక్క పని మాత్రం మానలేదు, వండిన దాంట్లోంచి గుప్పెడు అన్నం తీసి నీళ్లు పోసి దాచుకునేవాడు, పొద్దున డ్యూటీకి పోయే ముందు తాగడానికి, సిరిసిల్ల కడుపురా తమ్మీ, పొద్దుగాల సద్ది లేకపోతె నడువది అనేవాడు, బాగున్న రోజుల్లో.

ఆ శుక్రవారం లేచి దుప్పటి మడతేశాడు, గడ్డం గీసుకున్నాడు, వంతు కాకపోయినా చేపల పులుసు వండాడు, అందరినీ పేరుపేరునా పిలిచి వడ్డించాడు, నేను వేళ్లు నాకుతూ ఇగ మనిషివైనవే అన్నా అన్నాను, అక్కడితో ఊరుకున్నానా, ఊరుకోలేదు, ఆయన పక్కన ఉండగానే సిరిసిల్లలో ఆయన భార్యకు ఫోను కొట్టాను, విజయ వదినా, రంది వెట్టుకోకు, అన్న కుదుటవడ్డడు, నువ్వు నిమ్మలంగ పండుకో అన్నాను, ఆమె ఏడ్చింది, సంతోషంతో, నీ కడుపు సల్లగుండ మరిదీ అంది, రాజలింగం నన్ను చూసి తల ఊపాడు, శనివారం తెల్లారేసరికి ఆయన లేడు, తన ప్రాణం తానే తీసుకున్నాడు, నిమ్మలంగా పండుకో అన్నాను కదా, పండుకునే ఉంటుంది.

ఇంటికి వచ్చాక వదిన దగ్గరికి పోవాలని రెండుసార్లు బస్సెక్కాను, రెండుసార్లూ వేములవాడలో దిగిపోయాను, గుడికి పోయేవాళ్ల గుంపులో నిలబడి వెనక్కు వచ్చాను, నడిచివచ్చిన అని ప్రేమలతకు అబద్ధం చెప్పాను, నా గడ్డం నున్నగా ఉంటే ఆమెకు సంబురం, అద్దంలో నాకు ఆయన కనిపిస్తాడు, ఇది బాగవడమా, ఆ శుక్రవారమా, నాకే తెలియనిది ఆమెకెట్లా తెలుస్తుంది, ఆమె కూడా మా అమ్మకు ఫోను చేసి కుదుటవడ్డడు అని చెప్పింది నిన్న, అదే మాట, అక్షరం తేడా లేదు.

నాకు భయమైతుంది అన్నాను, పైకే అన్నాను, చేతుల్లో ఆకు కట్ట నీళ్లు కారుతోంది, దుప్పటి మడతేసినప్పుడల్ల భయమైతుంది ప్రేమా, రాజలింగన్న గూడ గిట్లనే చేసిండు, గిట్లనే నవ్విండు, నేనే వదినకు ఫోను చేసి బాగైండని చెప్పిన అన్నాను, మొత్తం చెప్పాను, ఫోను సంగతీ, వేములవాడ సంగతీ, గడపలో బీడీలు చేస్తున్న ప్రేమలత చాట దించి తంబాకు చేతులతోనే వచ్చి పక్కన కూర్చుంది, గిన్ని దినాలు గిది కడుపుల వెట్టుకొని నన్ను నవ్వనిచ్చినవాయ్యా అని వీపు మీద ఒక్కటి చరిచింది, గట్టిగానే, చరిచిన చెయ్యి తీయకుండానే, రేపు పొద్దుగాల బస్సుకు సిరిసిల్ల పోదాం, విజయక్క తిడితే ఇద్దరం పడుదాం, అటెన్క డాక్టరమ్మకు గూడ చెప్పుదాం, గీ భయం సంగతి చెప్పాలె గదా అంది.

సరే అన్నాను, అంటూనే, మరి గీ ఆకు, మూడు కట్టలు తడిపితిని, రేపు చెయ్యకపోతె ఖరాబ్ గాదా అన్నాను, గోనెసంచి తడిపి కప్పు, ఎల్లుండి దాకా ఏం గాదు అని ఆమె కళ్లు తుడుచుకుంది, నేను లేచి సంచి ముంచి పిండుతుంటే నా చేతులు ఆగిపోయాయి, ఆ శుక్రవారం చేపల పులుసు, గడ్డం, దుప్పటి, అన్నీ చూశాను, ఒక్కటి చూడలేదు, రాజలింగం ఉన్న అన్నమంతా మా పళ్లేలలోకి గీకేశాడు, గిన్నె కడిగి బోర్లించాడు, పొద్దుటి సద్దికి ఒక్క మెతుకు దాచుకోలేదు, నేనేమో రేపు చెయ్యకపోతే ఆకు ఏమవుతుందో అని అడుగుతున్నాను, అడిగింది నేనే, ఎవరూ చెప్పకుండా నోట్లోంచి వచ్చింది, సంచి బరువుగా ఉంది, నాలుగు మూలలూ లాగి ఆకు మీద కప్పాను.