సముద్రం వైపు గది

"ఓడెక్కాక నీకు పనేముంటుంది చెప్పు. కాలు మీద కాలేసుకుని కూర్చోవడమేగా" అన్నాడు స్తమాతిస్, ఇస్త్రీ అయిన చొక్కా కాలరు ఒకవైపు ముడత పోలేదని వేలితో చూపిస్తూ.

ఆర్గిరో ఆ కాలరు మీద మళ్ళీ నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరించింది. మంచం మీద పెట్టెలు తెరిచి ఉన్నాయి. అతని పెట్టె నిండింది, అతని తల్లి ఉరానియా పెట్టె నిండి పొంగుతోంది. తన పెట్టెలో ఇప్పటికి ఒక జత చెప్పులూ, అత్తగారి పెట్టెలో పట్టని రబ్బరు దుప్పట్లూ ఉన్నాయి. కాలు మీద కాలేసుకుని తను చివరిసారి ఎప్పుడు కూర్చుందో గుర్తు చేసుకోబోయి, ఇస్త్రీపెట్టె కాలిన వాసన రావడంతో మానేసింది.

నిజానికి ఈ ప్రయాణం ఆమెది. కెరాత్సిని పురపాలక కార్యాలయంలో జనన మరణాలు నమోదు చేసే బల్ల దగ్గర ఆమె ఉద్యోగ జీవితమంతా గడిచింది. మధ్యాహ్నం భోజనానికి అందరూ కిందికి దిగితే ఆమె కిటికీ దగ్గరే కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న చల్లారిన కూర తింటూ పిరేయస్ రేవులో నుంచి బయలుదేరే తెల్ల ఓడల్ని చూసేది. అవి అన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా, రోజూ చూడ్డానికి ఏముందే అని తోటివాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. పదవీ విరమణ రోజున ఆ తోటివాళ్ళే చందాలేసుకుని, కేకు పక్కన ఒక కవరు పెట్టారు. ఇద్దరికి ఓడలో విహారం, బాల్కనీ ఉన్న గదిలో. ఆర్గిరో ఆ కవరు చేతిలో పట్టుకుని, అందరూ చూస్తుండగా, ఏడవకుండా ఉండటానికి కేకు కొయ్యడం మొదలుపెట్టింది. అందరికీ పంచాక ఆమెకి ముక్క మిగల్లేదు. అది ఎవరి తప్పూ కాదు, కోసింది తనే.

ఇంటికొచ్చి కవరు చూపిస్తే స్తమాతిస్ మొదట అన్న మాట, "మరి అమ్మని ఎవరు చూస్తారు?" పాత్రాస్‌లో ఉన్న ఆడపడుచుకి ఫోన్ చేస్తే నడుం నొప్పి అంది. ఆవిడ నడుం నొప్పి పండగలకీ పబ్బాలకీ తప్పకుండా వస్తుంది. చివరికి అత్తగారికి కూడా టికెట్ తీసుకోవడమే మార్గమని స్తమాతిస్ తేల్చాడు.

టికెట్లు రాయించుకోవడానికి వెళ్ళినప్పుడు ప్రయాణాల ఆఫీసులో మిర్తో అనే ఆవిడ ఉంది. మాటల్లో తేనె పూయని మనిషి. మొదటిసారి ఓడెక్కే వాళ్ళకి ఇవి చెప్పకపోతే తర్వాత వచ్చి నన్నే తిడతారంటూ మొదలుపెట్టింది. పెట్టెలు రేవులోనే తీసేసుకుంటారు, గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది కాబట్టి మందులు చేతిసంచిలో ఉండాలి. కడుపులో తిప్పే అలవాటుంటే పై అంతస్తు గదులు వద్దు, ఓడ నడిమధ్యన, కింద ఉండేవి తీసుకోవాలి. భోజనం టికెట్లో కలిసే ఉంటుంది గానీ బల్ల మీదకొచ్చే ప్రతి సీసా కలిసి ఉండదు. లోపలి గదులు చవకే గానీ వాటికి కిటికీ ఉండదు, లైటు తీస్తే పట్టపగలు కూడా చీకటి గుయ్యారమే. అన్ని ఊళ్ళలోనూ ఓడ రేవుకి ఆనదు, కొన్నిచోట్ల చిన్న పడవలోకి దిగి ఒడ్డుకి వెళ్ళాలి, చక్రాల కుర్చీలని ఆ పడవల్లోకి దించరు. ఇక అన్నిటికంటే ముఖ్యం, చెప్పిన వేళకి తిరిగి ఎక్కకపోతే ఓడ ఎవరి కోసమూ ఆగదు.

"ఎవరెవరు ఏ గదిలో పడుకుంటారు?" అని మిర్తో ఆర్గిరోని అడిగింది.

"అమ్మకి లోపలి గది చాలు. రాత్రిళ్ళు లేస్తుంటుంది కదా, ఈవిడ అక్కడ పడుకుంటుంది" అని స్తమాతిస్ జవాబు చెప్పాడు. "బాల్కనీ గది మా ఇద్దరి పేరు మీదే ఉండనివ్వండి. పగలు వచ్చి కూర్చుంటుంది."

మిర్తో మళ్ళీ ఆర్గిరో వైపే చూసింది. ఆర్గిరో తలూపింది. ఇంట్లో ఆమె తల ఎంత అలవాటు పడిందంటే, మెడకి సంబంధం లేకుండా అదే ఊగుతుంది. ఇన్నేళ్ళలో ఆ తల ఎన్నింటికి ఊగిందో. పెళ్ళయిన కొత్తలో అత్తగారు పక్కింటావిడతో, "ఉద్యోగం చేసే కోడలొచ్చిన ఇంట్లో పులుసు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది" అంటే తలవంచుకుని వెళ్ళి పులుసు వేడి చేసింది. ఆఫీసులో పెద్ద గుమాస్తా పదవి ఆమె దాకా వచ్చినప్పుడు, "సాయంత్రం ఇంకో గంట ఆలస్యమైతే అమ్మకి అన్నం ఎవరు పెడతారు, నువ్వే ఆలోచించుకో, నేనైతే వద్దనను" అన్నాడు స్తమాతిస్. ఆమె ఆలోచించుకుంది. ఆలోచించుకోవడమంటే వద్దని చెప్పి రావడమేనని ఇద్దరికీ తెలుసు.

ఓడ అనుకున్నదానికంటే పెద్దది, లోపలి గది అనుకున్నదానికంటే చిన్నది. రెండు మంచాల మధ్య చక్రాల కుర్చీ పెడితే మనిషి పక్కకి తిరిగి నడవాలి. గోడకి ఉన్న టీవీలో ఒక చానెల్ ఓడ ముందుభాగం నుంచి కనిపించే సముద్రాన్నే పొద్దస్తమానం చూపిస్తుంది. చీకట్లో అత్తగారు కంగారుపడకుండా ఆర్గిరో అది పెట్టి ఉంచింది.

"కిటికీ కాస్త తెరువు పిల్లా, ఉక్కగా ఉంది" అంది ఉరానియా మొదటి రోజున.

"అది కిటికీ కాదత్తయ్యా, టీవీ."

ముసలావిడ కాసేపు దాన్నే చూసింది. "మరి సముద్రం మనదేనా?"

"మనదే."

పగలు బాల్కనీలో కూర్చోవడం ఎంత తేలికో ఆర్గిరోకి తొందరగానే తెలిసింది. పొద్దున్నే అత్తగారిని లేపి, కడిగి, తల దువ్వి పాపిడి తీసి, ఫలహారానికి తీసుకెళ్ళి, రొట్టెని పాలల్లో నానబెట్టి తినిపించి, మందులిచ్చి వచ్చేసరికి స్తమాతిస్ బాల్కనీ కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతూ ఉండేవాడు. రెండో కుర్చీ మీద అతని తడి తువ్వాలు ఉండేది. ఆమె తువ్వాలు తీసి ఆరేసేది. ఈలోపు ఉరానియాకి బాత్రూముకి వెళ్ళాల్సి వచ్చేది. పాట్మోస్ దీవి దగ్గర ఓడ దూరంగా ఆగింది, చిన్న పడవలో దిగాలన్నారు. అత్తగారు దిగలేదు కాబట్టి ఆర్గిరో దిగలేదు. రోడ్స్ దీవిలో ఓడ రేవుకే ఆనింది గానీ ఆరోజు అత్తగారికి విరేచనాలు. స్తమాతిస్ రెండు చోట్లా దిగాడు. తిరిగొచ్చి, నువ్వేం పోగొట్టుకోలేదులే, అవే రాళ్ళు, అవే మెట్లు అని ఓదార్చాడు. భోజనాల బల్ల దగ్గర కలిసిన దంపతులతో మాత్రం, "మా ఆవిడకి ఇదే మొదటి సెలవు, హాయిగా విశ్రాంతి తీసుకుంటోంది" అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు. అతనికి నిజంగానే అలా కనిపించింది. ఆర్గిరోకి కోపం కూడా రాకపోవడానికి కారణం అదే. అబద్ధమైతే నిలదీయొచ్చు, కళ్ళకే కనిపించనివాడిని ఏం నిలదీస్తాం?

మర్నాడు ఓడ కుషాదసిలో ఆగుతుంది. అది టర్కీ ఒడ్డు. ఆర్గిరో అమ్మమ్మ ఎవాంథియా పుట్టిన ఊరు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, తల్లి కొంగు పట్టుకుని ఆ రేవులోనే పడవెక్కి పారిపోయి వచ్చింది. మా ఇంటి నుంచి సముద్రం కనపడేది కాదే గానీ వాసన తెలిసేది అని చెప్పేది, అంతకు మించి చెప్పేది కాదు. ఈ సంగతి ఆర్గిరో ఎవరికీ చెప్పలేదు. చెబితే స్తమాతిస్, "నూరేళ్ళ నాటి గోడలు నీ కోసం నిలబడి ఉంటాయా?" అంటాడు. ఉండవని ఆమెకీ తెలుసు. అయినా మిర్తో ముందు పరిచిన దారుల పటాల్లో ఈ ఓడనే ఎంచుకోవాలని పట్టుబట్టింది ఆ ఒక్క ఊరి కోసమే. ఆ ఒక్క విషయంలోనే ఆమె తల అడ్డంగా ఊగింది.

భోజనాల దగ్గర, అత్తగారికి చేప ముళ్ళు తీస్తూ, మామూలు గొంతుతోనే చెప్పింది. "రేపు నేను దిగుతున్నాను."

"దిగు" అన్నాడు స్తమాతిస్. "అమ్మ మధ్యాహ్నం పడుకున్నాక ఓ అరగంట అలా తిరిగి రా."

"పొద్దున్నే దిగుతున్నాను. ఓడ కదిలే ముందు వస్తాను."

"నేను ఊరవతల పాత నగరం శిథిలాలు చూడ్డానికి వెళ్తున్నానని చెప్పాగా. మరి అమ్మ?"

"మీ అమ్మే కదా."

అతను ఫోర్కు కింద పెట్టాడు. కోపంగా కాదు, లెక్క తెలియని పిల్లవాడి ముఖంతో చూశాడు. అమ్మకి స్నానం చేయించాలని, బట్టలు మార్చాలని, మగాణ్ణి నేనెలా చేస్తానని, ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడేమొచ్చిందని గొంతు తగ్గించి అడిగాడు. పక్క బల్లవాళ్ళు వినకూడదని అతని బాధ. ఆర్గిరో ఇంకో ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టింది. చెవుడని అందరూ అనుకునే ఉరానియా తల ఎత్తింది.

"స్తమాతీ" అంది. "నీ ముడ్డి కడిగేటప్పుడు నువ్వు మగాడివా అని నేను అడగలేదు."

పక్క బల్లవాళ్ళు విన్నారు.

పొద్దున్నే స్తమాతిస్ కాఫీకి పైకి వెళ్ళినప్పుడు ఆర్గిరో ఇంకో పని చేసింది. బాల్కనీ గదిలోంచి అతని పెట్టె, షేవింగు సామాను, చొక్కాలు తెచ్చి లోపలి గదిలో సర్దింది. తన పెట్టె బాల్కనీ గదికి చేర్చింది. ఆ గది తలుపు తాళం కార్డు మీద మొదట్నుంచీ తన పేరు కూడా ఉంది. మందులు ఏవి ఎప్పుడు వేసుకోవాలో అత్తగారికే గట్టిగా చెప్పింది. ఉరానియాకి మతిమరుపు లేదు. అడిగేవాళ్ళు లేక చెప్పడం మానేసింది, అంతే.

ఊళ్ళో ఆమె వెతికింది ఏదీ దొరకలేదు. రేవు నిండా చర్మం కోట్ల దుకాణాలు, రండి రండి అని పిలిచేవాళ్ళు. గుట్ట ఎక్కే సందుల్లో పాత ఇళ్ళు కొన్ని ఉన్నాయి గానీ ఏది ఎవరిదో చెప్పే గుర్తేదీ లేదు. ఒకచోట సముద్రం కనబడకుండా దాని వాసన మాత్రం తగిలింది. ఆమె అక్కడే ఆగిపోయింది. ఇది ఆ ఇల్లే అని అనుకోవాలనిపించింది, అనుకోలేదు. ఇలాంటి వాసన ఆ సందులో ప్రతి ఇంటికీ ఉంటుంది.

గుమ్మం ముందు తన వయసావిడ ఒకతె బఠాణీలు ఒలుస్తోంది. ఆగి నిలబడ్డ మనిషిని చూసి మెట్టు మీద చోటు చూపించింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆర్గిరో కూర్చుంది. కూర్చోగానే, ఆలోచించకుండానే, ఆమె చెయ్యి బుట్టలోకి వెళ్ళి ఒక కాయ తీసి ఒలవడం మొదలుపెట్టింది. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఆర్గిరో చేతిలోని కాయ తీసేసుకుని, లోపలికి వెళ్ళి టీ గ్లాసు తెచ్చి ఆ చేతిలో పెట్టింది. ఆమె మళ్ళీ బుట్ట వైపు చెయ్యి చాపబోతే బుట్టని అవతలికి జరిపి నవ్వింది. వేడి గ్లాసు పట్టుకుని, ఇంకొకరు పని చేస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆర్గిరోకి మొదట చాలా ఇబ్బందిగా అనిపించింది. రెండో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపటికి టీ రుచి తెలిసింది. ఇంకాసేపటికి ఆమె వీపు తలుపుకి ఆనుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి, అవి అమ్మమ్మ కోసమో ఎవరి కోసమో ఆమె విచారించలేదు. ఆవిడ చూసి, చూడనట్టు బఠాణీలు ఒలుచుకుంది.

ఓడ కదిలే వేళకి చాలా ముందే ఆర్గిరో తిరిగి ఎక్కింది. స్తమాతిస్ నడవలోనే ఎదురయ్యాడు. చొక్కా ముందుభాగం అంతా తడిసి ఉంది. శిథిలాలు చూడలేదు. అమ్మ రెండుసార్లు బట్టలు పాడుచేసిందని, పాలు వద్దందని, మందు వేసుకోనని మొండికేసిందని, చివరికి బలవంతంగా తన చేత పేకాట ఆడించిందని చెప్పాడు. అప్పుడు అడిగాడు, "నా సామాను ఏది?"

"మీ అమ్మ గదిలో సర్దాను. రాత్రిళ్ళు లేస్తుంటుంది కదా."

"ఎన్నాళ్ళు?"

ఆమె దాని గురించి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించి, "ఇంటికి వెళ్ళాక కూడా ఇలాగే చేసి చూద్దాం" అంది. గట్టిగా అనలేదు. అతను వాదించడానికి నోరు తెరిచాడు, లోపల్నుంచి ఉరానియా పిలిచింది. పిలిచింది కోడలిని కాదు, కొడుకుని. అతను వెళ్ళాడు.

ఆ రాత్రి ఆర్గిరో బాల్కనీ తలుపు తెరిచి పెట్టుకుని పడుకుంది. గొప్పగా ఏమీ అనిపించలేదు. నడుం నొప్పిగానే ఉంది. రెండుసార్లు అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది, ఎవరూ పిలవలేదని తెలుసుకుని మళ్ళీ పడుకుంది.

పొద్దున్న ఫలహారాల దగ్గర ఆమె ముందే వచ్చి కూర్చుని ఉండగా స్తమాతిస్ తల్లి కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. కళ్ళు ఎర్రగా, గడ్డం గీసుకోకుండా ఉన్నాడు. ఉరానియా స్వెట్టరు గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టి ఉన్నాయి, పాపిడి చెవి దగ్గర మొదలై నడినెత్తిన ఎక్కడో దారి తప్పిపోయింది. అతను రొట్టె తేవడానికి వరుసలోకి వెళ్ళాడు. ఆర్గిరో ఆ పాపిడి వైపు చూసింది.

ముసలావిడ ఆ చూపు పట్టుకుంది. "ముట్టుకోకు" అంది. "రేపటికి నేర్చుకుంటాడు."