రెండు సత్తు పడవలు

పెన్నలో చుక్క నీరు లేని మే నెలలో నన్ను పడవలు చూసి రమ్మన్నారు. ఇరవై రెండేళ్ళ గుమాస్తా ఉద్యోగంలో తలతిక్క పనులు చాలానే చేశాను గానీ ఇంత తలతిక్క పని మాత్రం చెయ్యలేదు. జమ్మలమడుగులో పంచాయతీ సమితి అప్పుడే కొత్తగా పెట్టారు. ఏరు పొంగితే అవతలి గట్టు పల్లెల వాళ్ళు ఊళ్ళోకి రాలేరు. ఉన్నది ఒకే ఒక పుట్టి, అదీ తోలు కప్పిన పెద్ద గంప. అందుకని మోటారు పడవ కొనాలని తీర్మానం చేశారు. ప్రొద్దుటూరులో గుర్రప్ప అనే కంట్రాక్టరు దగ్గర మద్రాసు నుంచి తెచ్చిన పడవలు రెండున్నాయి. రెండింట్లో ఏది మేలో పోల్చి రాయాలి. రాయాల్సింది నేను.

"పడవ మొహం నేనెన్నడూ చూడలేదండీ" అన్నాను బి.డి.ఓ. గారితో.

"ఎవరు చూశారయ్యా? తెల్లదానికి పరదాలున్నాయట. అదే బాగుంటుంది. వెళ్ళి చూసి అట్లా రాసుకురా" అన్నాడాయన.

ముందే ఖాయం చేసుకున్నదానికి నేను ఎండలో పడి పోవడమెందుకు? అడగలేదు. అడిగే ఓపిక చచ్చి చాలా ఏళ్ళయింది.

పడవల కాగితాల మీద అల్యూమినియం అని ఉంది. మా బంట్రోతు విని నవ్వాడు. "అంటే సత్తే గదా సామీ! సత్తు సంగతి కమాల్ బాషాకు తెలిసినట్టు ఈ తాలూకాలో ఎవురికి తెలుసు?"

కమాల్ బాషా బజారు మూల కూర్చుని ఇత్తడి గిన్నెలకు కళాయి పూస్తాడు, చిల్లుపడ్డ సత్తు గిన్నెలకు మాట్లు వేస్తాడు. ఆయన చెయ్యి పడని గిన్నె మా ఇంట్లో లేదు. సంగతి చెప్పగానే పనిముట్ల పెట్టె సర్దుకుని లేచాడు. కూలి మాట కూడా ఎత్తలేదు. ఎందుకో బస్సులో తెలిసింది.

"నా బిడ్డ సకీనాను అవతలి గట్టు పల్లెలో ఇచ్చినాం గదా సామీ. పోయినేడు కాన్పుకు ఈడ ఆసుపత్రికి తెద్దామంటే ఏరు తగ్గల్యా. రెండు దినాలు గట్టు మీదనే పెట్టుకోని కూచున్యాం. పసిది దక్కల్యా. ఇప్పుడు మళ్ళా నీళ్ళోసుకుంది. హస్త కార్తెలో కాన్పు."

"ముందుగానే పిలుచుకొని రాగూడదా?"

"అత్త మంచాన పడింది. ఈ పిల్ల లేకుంటే ఆ ఇంట్లో గంజి కాచే దిక్కు లేదు. నొప్పులొచ్చినాకనే పంపుతామంటాండారు."

నాకు నీరసం ముంచుకొచ్చింది. అప్పటిదాకా ఆ పడవ నాకు ఒట్టి కాగితం. ఇక అది ఆ పిల్ల ప్రాణం. ఇలాంటివి నాకు చెప్పకూడదు, చెబితే ఆ రోజంతా అన్నం సయించదు.

గుర్రప్ప ఆవరణలో రెండు పడవలూ కొయ్య దిమ్మెల మీద ఎత్తిపెట్టి ఉన్నాయి. ఒకటి నీలం, ఒకటి తెలుపు. టేపు పెట్టి కొలిచాను. పొడవు ఇరవై అడుగులు, ఇరవై అడుగులు. వెడల్పూ అంతే. వెనక తగిలించిన మోటారూ ఒకటే రకం. నడుమ మనిషి వంగి దూరేటంత రేకుల గది, అదీ ఒకటే. తెల్లదాని గదికి పూల పరదాలున్నాయి, నీలం దానికి లేవు. నా పట్టికలో 'గది' అన్న గడి దగ్గర ఆగాను. పది నిమిషాల్లో దాటే ఏటికి గదేమిటి, నా తలకాయ! 'అనవసరం' అని రెండింటికీ రాసిపడేశాను.

"కవల పిల్లలు సామీ ఇవి, ఏదైనా ఒకటే" అన్నాడు గుర్రప్ప. "మీ ఆఫీసరు తెల్లదాని మీద మనసు పడినాడంట గదా. అదే తీస్కపోండి."

"నీళ్ళలో వేసి చూపించప్పా."

"ఏట్లో ఇసుక తప్ప ఏముంది? వానలు పడినాక రాండి, చూపిస్తా."

"వానలు పడినాక చూసేదేముంది, మునిగేదే గదా" అన్నాను. అతను పడీపడీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

కమాల్ బాషా వేలి కణుపుతో రేకు మీద కొడుతూ, చెవి ఆనించి వింటూ రెండు పడవల చుట్టూ తిరిగాడు. చివరికి తలపాగా సర్దుకుని, "నీళ్ళల్లో పడవ ఎయ్యలేకుంటే పడవలో నీళ్ళు ఎయ్యండి" అన్నాడు.

"ఏందీ?" అన్నాడు గుర్రప్ప.

"చిల్లి గిన్నెను మేము ఏట్లో ఏసి చూడం గదప్పా. నీళ్ళు పోసి కింద తడి చూస్తాం. ఇదీ సత్తే, అదీ సత్తే."

ఆవరణలో ఉన్న కూలీలంతా నవ్వారు. ఆ నవ్వు చూసే నాకు పంతం వచ్చింది. బండి మీద పీపాలతో బావినీళ్ళు తెప్పించాను. ఆ ఎండలో రెండు పడవల్లోనూ జానెడు లోతు పోసేసరికి మధ్యాహ్నం దాటింది. జనం పని మానుకుని చూడటానికి వచ్చారు. జమ్మలమడుగు వాళ్ళు పడవకు కుడితి పెడుతున్నారని ఎవడో అన్నాడు.

నీలం పడవ కింద మూడు చోట్ల బొట్లు బొట్లుగా కారింది. తెల్లది పొడిగా ఉంది. అమ్మయ్య అనుకున్నాను. ఆఫీసరు మాటా నిజమూ ఒకటి కావడం నా ఉద్యోగంలో అరుదు. నీడన కూర్చుని తెల్లది మేలు అని రాయబోతున్నాను. కమాల్ బాషా మాత్రం తెల్లదాని కింద వెల్లకిలా పడుకుని, అతుకు వెంబడి గోటితో గీరుతున్నాడు.

"సామీ, ఉడుకు నీళ్ళు కావల్ల."

"ఇంకా ఏం నీళ్ళయ్యా! నాలుగు గంటల బస్సు పోతే మళ్ళీ ఎప్పుడో!"

"మీకు బస్సు పోతాది సామీ. నా బిడ్డకు..." అని మళ్ళీ అతుకు గీరసాగాడు.

ఎదురుగా ఉన్న టీ హోటల్‌కి మనిషిని పంపి రెండు బిందెలు మరిగే నీళ్ళు తెప్పించాను. కమాల్ బాషా తెల్లదాంట్లో చన్నీళ్ళు తోడేసి, అతుకు వెంబడి వేన్నీళ్ళు పోయించాడు. కాసేపటికి పడవ కింద చెయ్యి పెట్టి, అరచెయ్యి తెచ్చి నాకు చూపించాడు. చేతి నిండా కరిగిన మైనం. ఆ వెనకే జానెడు పొడవున నీళ్ళు ధారకట్టాయి.

"పాత గిన్నెలు అమ్మేవాళ్ళు చిల్లుల్లో మైనం కూరి పైన రుద్దుతారు సామీ. చన్నీళ్ళకు తెలీదు."

"నాకేం తెలుసప్పా, మద్రాసులో ఇట్లే కొన్యా" అన్నాడు గుర్రప్ప. అది నిజమే కావచ్చు. మనిషి మొహం మాత్రం పాలిపోయింది.

"నీలిది తీసుకోండి" అన్నాడు కమాల్ బాషా. "దాని చిల్లులు కండ్లకు కనపడతాండాయి. మూడు మాట్లు ఏస్తే సరిపాయె."

మర్నాడు బి.డి.ఓ. గారు నా కాగితం చూసి, "కారే పడవ కొనమంటావా పద్మనాభయ్యా? నీకు మతి ఉందా?" అన్నారు.

"రెండూ కారేవేనండీ. ఇది దాచకుండా కారుతోంది. తెల్లదే కొంటామంటే కొనండి, మొదట మీరు ఎక్కండి" అన్నాను. ఇరవై రెండేళ్ళలో అంత మాట ఎవరినీ అనలేదు. ఆయన నా కాగితం బల్ల మీద పడేసి, "సరే. అయితే వరద రోజుల్లో దాని వెంబడి నువ్వే పోవాలి. ఏమన్నా అయితే నీదే పూచీ" అన్నారు. నోరు జారినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఈత కూడా రాదు నాకు.

నీలం పడవ వచ్చింది. కమాల్ బాషా మూడు మాట్లు వేశాడు.

హస్త కార్తె వానలకు ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారింది. ఆ వానలోనే, అవతలి నుంచి మా పడవలో వచ్చినవాళ్ళు సకీనాకు నొప్పులు మొదలయ్యాయని కబురు తెచ్చారు. మోటారు నడిపే రహమతుల్లా, కమాల్ బాషా, ఆయన భార్య అమీనాబీ, నేను అవతలికి వెళ్ళి పిల్లను ఎక్కించుకున్నాం. తల్లీకూతుళ్ళు గదిలో ఉన్నారు. కమాల్ బాషా గది గుమ్మంలో కూర్చుని, చెయ్యి లోపలికి చాపి గది నేలలో తను వేసిన మాటు మీద అరచెయ్యి ఆనించాడు. కూతురి మొహం వంక చూడలేదు. మాటునే తడుముతున్నాడు.

వరద ఈడ్పుకు పడవ నత్తలా కదిలి, అరగంటకు గానీ ఏటి నడిమికి రాలేదు. ఉన్నట్టుండి ఆయన కేక పెట్టాడు.

"సామీ! నీళ్ళు! నీళ్ళొచ్చినాయి! నా మాటు పాయె!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. నీళ్ళు తోడే డబ్బా పట్టుకుని పాకుతూ వెళ్ళాను. గది నేలంతా తడి. ఆయన పైగుడ్డ తీసి మాటు మీద అదిమిపట్టి ఏడుస్తున్నాడు. "నా చేతులు ఇరగ! నా బిడ్డను నేనే ముంచితి గదా సామీ!"

అమీనాబీ ఆయన చెయ్యి లాగిపారేసింది. "యా అల్లా, తియ్ ఆ చెయ్యి! ఏటి నీళ్ళు గాదు అవి. నీ బిడ్డవి, ఉమ్మనీళ్ళు. నడువండి ఇద్దరూ బయటికి!"

ఆయన తడిచేతిని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. "ఉడుగ్గా ఉండాయి సామీ" అన్నాడు. అంతదాకా అది కూడా తెలియలేదు పాపం.

గదికి పరదాలు లేవు గదా. ఆయన తలపాగా, నా కండువా గుమ్మానికి కట్టి ఇద్దరం వానలో వీపులు తిప్పి కూర్చున్నాం. నాకు దేవుళ్ళ పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆయన నా ముంజెయ్యి పట్టుకున్నాడు, విడవలేదు. గట్టు ఇంకా చాలా దూరం ఉండగానే లోపల పసిబిడ్డ ఏడ్చింది.

"ఆడపిల్ల. ఇద్దరూ బాగుండారు" అన్నది అమీనాబీ.

కమాల్ బాషా వేలి కణుపుతో పడవ అంచు మీద ఒకసారి కొట్టి విన్నాడు, అంతే. నాకు ఏడుపొచ్చింది. వాన కాబట్టి సరిపోయింది.

వాళ్ళను ఆసుపత్రిలో దింపి తడిబట్టలతోనే ఆఫీసుకు వెళ్ళాను. బీరువాలో నుంచి ఆ పడవల ఫైలు తీశాను. 'గది' అన్న గడిలో 'అనవసరం' అని నేనే రాసింది ఉంది. దాన్ని కొట్టేసి పక్కన 'అవసరం' అని రాశాను. దిద్దుబాటు కింద పొట్టి సంతకం పెట్టి, ఇంటికి పోయి పడుకున్నాను.