ఒక్క పొయ్యి ఊరు

ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట బసవపున్నయ్య ఒక ఊరు పెట్టాడు. అది ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు. దానికి ఆయన అనుకున్న పేరు వేరు. చుట్టుపక్కల వాళ్లు ఒక్క పొయ్యి ఊరు అన్నారు, అదే నిలిచింది. ఎనిమిది కుటుంబాలు, అందరికీ కలిపి ఒకే వంటశాల. ఏ ఇంట్లోనూ పొయ్యి ఉండకూడదు. ఉప్పు, కిరసనాయిలు తప్ప బయట ఏదీ కొనకూడదు. వడ్లు, కందులు, నువ్వులు అక్కడే పండించుకునేవాళ్లు. గానుగ కూడా పెట్టుకున్నారు. కొలిమి మాత్రం కుదరలేదు, నాగటి కర్రు సాన పెట్టించాలంటే ఏన్కూరు పోవాల్సిందే.

చూడటానికి ఎవరొచ్చినా బసవపున్నయ్య వాళ్లను వాగు గట్టు ఎక్కించి, ఇళ్ల వైపు తిప్పి నిలబెట్టేవాడు. "చూడండి, ఊరు మొత్తానికి ఒక్కటే పొగ" అనేవాడు.

భూమి ఆయన తండ్రి కొన్న మెట్ట. మనుషులు మాత్రం ఆయన మాట మీద వచ్చారు. సవరయ్య అలాగే వచ్చాడు. కల్లూరులో బసవపున్నయ్య పొలాలు తాతల నాటి నుంచి చేసింది సవరయ్య వాళ్లే. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు పదిమందిలో బసవపున్నయ్య అతనికి మాటిచ్చాడు. కొత్త ఊళ్లో దొర ఉండడు, పాలేరు ఉండడు, అందరూ అన్నా అక్కా అనే పిలుచుకోవాలి. నీ భార్య సవరమ్మ వండితే మా ఇంటిల్లిపాదీ తింటాం, తినని రోజు నన్ను నిలదీసి అడుగు అన్నాడు. సవరయ్య కల్లూరులో ఉన్న గుడిసె అన్నకు ఇచ్చేసి, భార్యతో బండెక్కి వచ్చాడు.

వంట వంతుల వారీగా సాగేది. సవరమ్మది శనివారం. బసవపున్నయ్య భార్య నిర్మలాదేవికి శనివారం ఉపవాసం, వెంకటేశ్వరస్వామి మొక్కు. పక్కింటి పిచ్చయ్య భార్య బుల్లెమ్మ కూడా ఆమెతో పాటే మొదలుపెట్టింది. దాంట్లో ఎవరికీ తప్పు కనపడలేదు. బసవపున్నయ్యకు శనివారం ఏన్కూరులో ఏదో ఒక పని ఉండేది. కొలిమి దగ్గర పని చూసుకుని, రామ్‌సింగ్ హోటల్లో తిని, పొద్దు వాలాక తిరిగొచ్చేవాడు.

వానలు పడ్డాక నాట్ల కోసం వంతులు మార్చారు. సవరమ్మకు గురువారం వచ్చింది. శనివారం పుల్లమ్మ అనే ముసలమ్మకు వెళ్లింది. ఆమె పిచ్చయ్యకు మేనత్త.

ఆ గురువారం బసవపున్నయ్య కర్రు భుజాన వేసుకుని ఏన్కూరు వెళ్లాడు. రామ్‌సింగ్ ఆకు వేస్తూ ఆయన ముఖంలోకి చూశాడు.

"నువ్వు శనివారం గిరాకీవి గదనే, బేస్తారం వచ్చినవేంది? మీ ఊళ్లె వారాలు గిట్ల మార్చిండ్రా?"

పక్క బల్ల వాళ్లు నవ్వారు. బసవపున్నయ్య కూడా నవ్వబోయాడు. కర్రు బల్ల కాలికి ఆనించి ఉంది. దాన్ని మొన్ననే సాన పెట్టించాడు. ఎందుకు తెచ్చానా అని చూసుకుంటే, ఇవాళ సవరమ్మ వంతని తట్టింది. ఆకు సగంలోనే మడిచి లేచాడు.

ఇంటికొచ్చేసరికి నిర్మలాదేవి అరుగు మీద అరటిపండు వలుచుకుంటోంది. ఈ రోజు ఉపవాసమేమిటని అడిగాడు. గురువారం బాబాకు మంచిదట, శనివారం మానేశాను అంది. తర్వాత గొంతు తగ్గించింది.

"నన్నేం అడుగుతారులెండి. మీరెక్కడ తినొచ్చారో చెప్పండి ముందు."

ఆయన కర్రు మూలన పెట్టి లోపలికి వెళ్లాడు.

వచ్చే గురువారం అందరికంటే ముందు పంక్తిలో కూర్చోవాలని ఆ రాత్రే అనుకున్నాడు. ఆ గురువారం రాకముందే ఆదివారం వచ్చింది. ఆదివారం సాయంత్రం పాకలో అందరూ కూర్చుని పనులు పంచుకుంటారు. సవరమ్మ లేచి, పొగకు కళ్లు మండుతున్నాయని, తనను వంట తప్పించి కలుపుకు వేయమని అడిగింది. ఆమె కళ్లు బాగానే ఉన్నాయి. బుల్లెమ్మ నేల చూపులు చూసింది. మిగిలిన వాళ్లు బసవపున్నయ్య వైపు చూశారు. సవరయ్య కూడా చూశాడు. అతను చూసిన తీరు చర్చి ముందు నిలబడి విన్నప్పటి తీరే.

చెప్పాల్సింది బసవపున్నయ్య నోటి దాకా వచ్చింది. అది చెబితే భార్య సంగతి, రామ్‌సింగ్ హోటల్ సంగతి కూడా చెప్పాలి.

"సరే సవరమ్మా, ఆరోగ్యం ముందు చూసుకోవాలి గదా" అన్నాడు.

పాకలో అందరి ఊపిరీ తేలికైంది. ఆయనకది వినపడింది. గురువారం వంట బుల్లెమ్మ చేసింది. నిర్మలాదేవి తిన్నది, బసవపున్నయ్యకు ఏన్కూరులో పని పడలేదు.

ఆ మర్నాడు సవరయ్య ఇంటి మీద పొగ లేచింది.

అది చూసి ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సింది ఆయనే. మధ్యాహ్నం అందరూ మళ్లలోకి వెళ్లాక బసవపున్నయ్య కంది చేను గట్టు పట్టుకుని, అడవి వైపు నుంచి చుట్టు తిరిగి సవరయ్య ఇంటికి వెళ్లాడు. సవరమ్మ పెరట్లో మూడు రాళ్ల మీద జొన్న సంకటి కలుపుతోంది. ఆయన నేల మీద చతికిలబడి ఆకలేస్తోందన్నాడు. ఆమె కంచంలో సంకటి, చింతకాయ తొక్కు వేసి పెట్టింది. ఆయన తిన్నాడు. సగం అయ్యాక ఆమె మాట్లాడింది.

"ముంగటి తొవ్వ మంచిగనే ఉంది గద దొరా. పెరట్లకెళ్లి వచ్చినవేంది?"

ఆ ఊళ్లో ఆయన్ను దొరా అనడం అదే మొదలు. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాడు.

కంచం ఖాళీ చేసి లేచాడు. చేయి కడుక్కోమని ఆమె చెంబు అందించింది. తీసుకోలేదు. ఎంగిలి చేత్తోనే ముందు తొవ్వన బయలుదేరి, ఇళ్ల మధ్య నుంచి వంటశాల దాకా నడిచాడు. అక్కడ నిర్మలాదేవి బియ్యం చెరుగుతోంది. ఆయన చేయి చూసింది, చేట ఆపింది, మళ్లీ చెరగసాగింది. మిగతా అందరూ మళ్లలో ఉన్నారు. ఆ వేళకు ఎవరూ ఉండరని ఆయనకు బయలుదేరక ముందే తెలుసు.

వారం తిరక్కుండానే సవరయ్య కల్లూరు నుంచి బండి పిలిపించాడు. బసవపున్నయ్య వెళ్లి ఉండమన్నాడు. "నువ్వు చెడ్డోనివి కాదన్నా" అన్నాడు సవరయ్య, బండికి మోకు బిగిస్తూ. "మాకది సాలదు."

పంటలయ్యాక ఊరు చూడటానికి ఖమ్మం నుంచి కొందరు వచ్చారు. వాళ్లలో ఒకరు, వాగు గట్టు మీది నుంచి ఏదో చూపిస్తారట కదా అని అడిగారు. బసవపున్నయ్య ఇళ్ల వైపు చూశాడు. ఒక్కటే పొగ లేస్తోంది.

ఎండగా ఉంది, పాకలో కూర్చుందాం రండి అన్నాడు.