వెనకాల వచ్చేవాడు

మా గుంపులో ఎనిమిది మోటార్‌సైకిళ్లు. ప్రహ్లాదన్న తప్ప అందరం పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లమే. ఆయనకి సదాశివపేటలో ధాన్యం దుకాణం ఉంది. యాభై దాటినా మా అందరికంటే బాగా బండి నడిపేది ఆయనే. నెలకొక ఆదివారం తెల్లవారుతూనే ముత్తంగి దగ్గర కలుసుకుని, ఏ సింగూరు వైపో నారాయణఖేడ్ వైపో వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాళ్లం.

ముందు ప్రహ్లాదన్న, చివర నేను. చివరి బండివాడికి ఒకటే నియమం. తన వెనక ఎవరినీ వదలకూడదు. టైరు పంక్చరైనా, ఇంటి నుంచి ఫోనొచ్చినా, ఎవరు ఆగితే వాడూ ఆగాలి.

"ఎనక మురళి ఉన్నడు. పరేషాన్ గాకుండ్రి," అని కొత్తగా చేరినవాళ్లకి ప్రహ్లాదన్న చెప్పేవాడు. ఆ మాట వినడం నాకు గర్వంగా ఉండేది.

మధుబాబు మాతో చేరి ఏడాది కూడా కాలేదు. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ కెమిస్ట్. మా నాన్నలాగే వాళ్ల నాన్న కూడా ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అందుకని నాతో చనువెక్కువ. "వారమంతా ఆ కంపులో ఉంటాను మురళీ, ఈ గాలి పీల్చడానికే వస్తున్నాను," అనేవాడు. వచ్చినవాడు ఊరికే బండి నడపడు. చెరకు నరుకుతున్నా ఆగుతాడు, కాలువలో కొంగలు కనిపించినా ఆగుతాడు. అతను ఆగిన ప్రతిచోటా నేనూ ఆగాలి.

నవంబర్‌లో ఆ ఆదివారం పుల్కల్ దాటేసరికే నాలుగుసార్లు ఆగాడు. ముందు వెళ్లినవాళ్ల బండ్ల చప్పుడు కూడా వినపడటం లేదు. ఒక మలుపు తిరిగితే కాలువ వంతెన దగ్గర అతని బండి మళ్లీ స్టాండు వేసి ఉంది. తను కిందకి దిగి, రోడ్డుకి వీపు పెట్టి, ఫోన్‌తో కొంగల్ని ఫొటో తీస్తున్నాడు.

నేను బండి నెమ్మది చేశాను. ఎదురుగా రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంది. రెండు నిమిషాల్లో వచ్చేస్తాడులే అనుకున్నాను. పిలవలేదు, హారన్ కొట్టలేదు. వెళ్లిపోయాను. నేను దాటిపోవడం అతను చూడలేదు.

నిజం చెప్పాలంటే ఆ కాసేపూ నాకు చాలా సంతోషంగా ఉంది. చాలాకాలం తర్వాత ఎవరి గురించీ ఆలోచించకుండా బండి నడిపాను.

సింగూరు డ్యామ్ దగ్గర టీ చెప్పి కూర్చున్నారు అందరూ. "మధు ఏడి?" అన్నాడు ప్రహ్లాదన్న. వస్తున్నాడన్నాను. టీ వచ్చింది, తాగాం. మధు రాలేదు. ఫోన్ చేస్తే మోగుతోంది గాని ఎత్తడం లేదు. అప్పుడు ఒక్కడినే బండి వెనక్కి తిప్పాను.

వంతెనకి మూడు కిలోమీటర్లు ఇవతల, డ్యామ్ వైపు మలుపులో, అతని బండి రోడ్డు పక్కన పడి ఉంది. రోడ్డు సగం మేర ఎవరో మొక్కజొన్న గింజలు ఆరబోశారు. వాటి మీద చక్రం జారింది. హ్యాండిల్ కడుపులో బలంగా పొడుచుకుంది. పైకి నెత్తురు లేదు. ఒక ముసలామె అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె భర్త ఆటో కోసం ఊళ్లోకి పరుగెత్తాడట. నేను పిలిస్తే మధు కళ్లు తెరవలేదు. అంబులెన్స్ సంగారెడ్డి చేరేలోపే పోయాడు. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బతికేవాడా అని నేను డాక్టర్‌ని అడగలేదు. ఆయన చెప్పనూ లేదు.

ఆసుపత్రికి అతని భార్య రమ్యశ్రీ వచ్చింది. ఏడవలేదు. నా దగ్గరికొచ్చి, "అన్నయ్యా, ఆయన పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"నేనున్నానమ్మా," అన్నాను. "పడ్డప్పటి నుంచీ నా చేతుల్లోనే ఉన్నాడు."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. పదకొండో రోజున తొమ్మిదేళ్ల కూతురు నిషితని నా ముందు కూర్చోబెట్టి, "అంకుల్ నాన్న దగ్గరే ఉన్నారమ్మా, నాన్న ఒంటరిగా లేరు," అని చెప్పింది. నేను తల ఊపాను. నేను డ్యామ్‌కి ముందే చేరానని అక్కడే ఉన్న ప్రహ్లాదన్నకి తెలుసు. కానీ ఆయన నోరు విప్పలేదు.

ఆ తర్వాత మా గుంపు ఎక్కడికీ వెళ్లలేదు.

ఫిబ్రవరిలో రమ్యశ్రీ ఫోన్ చేసింది. "ఆ చోటు చూడాలి అన్నయ్యా. మీ బండి మీదే తీసుకెళ్లండి. ఆయన ఎలా వెళ్లారో అలాగే వెళ్లాలనుంది." కాదనడానికి నాకు కారణం దొరకలేదు. ఒక్కడినే వెళ్లే ధైర్యం లేక ప్రహ్లాదన్నకి చెప్పాను. ఆయన తన భార్య చంద్రకళ గారిని వెంటబెట్టుకుని వచ్చాడు.

సంగారెడ్డిలో టీకి ఆగినప్పుడు, "రమ్యా, నీతో ఒక మాట చెప్పాలి," అన్నాను.

"వచ్చేటప్పుడు చెప్పండి అన్నయ్యా. ఇప్పుడు నా మనసంతా అక్కడే ఉంది."

నేను గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది. పట్టుబట్టలేదు.

మలుపు దగ్గర బండ్లు ఆపాం. రోడ్డు శుభ్రంగా ఉంది. పక్క చేలో ఉల్లిగడ్డ పీకుతున్న ముసలామె మమ్మల్ని చూసి లేచి వచ్చింది. ఆ రోజు మధు తల ఒళ్లో పెట్టుకున్నది ఆమే.

"ఎవలు బిడ్డా మీరు?" అని అడుగుతూనే రమ్యశ్రీ ముఖంలోకి చూసింది. "గా పిలగాని పెండ్లానివా?"

రమ్యశ్రీ అవునంది. ముసలామె రోడ్డు పక్కన అలాగే కూలబడింది. పేరు సంగవ్వ అని చెప్పింది.

"నువ్వు ఆయన్ని చూశావా అమ్మా?" అని అడిగింది రమ్యశ్రీ.

"సూసుడేంది బిడ్డా, నా ఒళ్లెనే ఉండె. గీడనే." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నీళ్లిచ్చిన, మింగలే. కొంగు తడిపి పెదవులకు పెట్టిన. జెర సేపు మంచిగనే మాట్లాడిండు. ఎనక మురళి వస్తుండు, పరేషాన్ గాకు అవ్వా అన్నడు. నాకే ధైర్యం జెప్పిండు."

సంగవ్వ ఆపలేదు.

"ఎంతసేపటికీ ఎవ్వలు రాకపాయె. ఆయినె బండి సప్పుడు ఇనవడ్తుందా సూడు అవ్వా, అని మల్ల మల్ల అడిగిండు. కాల్వ దిక్కే సూస్కుంట పండిండు. ఆఖరికి ఈ సారు వచ్చిండు. గప్పటికే తెలివి తప్పింది. సారేమో డ్యామ్ దిక్కు నుంచి వచ్చె."

రమ్యశ్రీ నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు. లెక్క తప్పిందేమోనని మళ్లీ చూసుకుంటున్న మనిషిలా ఉంది.

"ఎంతసేపు?" అంది.

"ఇరవై నిమిషాలు. ఇంకా ఎక్కువే అయి ఉండొచ్చు. కాలువ దగ్గర అతను దిగి ఉంటే నేను ఆగకుండా వెళ్లిపోయాను. నీకు అబద్ధం చెప్పాను రమ్యా."

అప్పుడు సంగవ్వ రమ్యశ్రీ కాళ్ల మీద పడబోయింది. చంద్రకళ గారు పట్టుకుని ఆపారు.

"గా మక్కలు మాయే బిడ్డా," అంది సంగవ్వ. "ఏడ ఆరబోస్తం, కల్లం లేకపాయె. మా ఇంటాయిన ఐలన్న, నేను అన్నీ ఊడ్సుకొని ఇంట్ల వోసుకున్నం. పోలీసులు అడిగితే ఎవలయో ఎర్కలేదన్నం. గవ్వి అమ్మబుద్ధి గాలే, తినబుద్ధి గాలే. పురుగు వట్టినయి. నన్ను ఏమన్న అను బిడ్డా."

రమ్యశ్రీ వంగి, సంగవ్వ చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఆ చేతికి మట్టి, ఉల్లిగడ్డ వాసన.

"ఎక్కడ కూర్చున్నావో చూపించు," అంది.

సంగవ్వ చూపించింది. ఇద్దరూ అక్కడ పక్కపక్కన కూర్చున్నారు. ఆయన ఇంకేం మాట్లాడారని రమ్యశ్రీ అడుగుతోంది, ఆమె చెబుతోంది. మేము దూరంగా నిలబడ్డాం. నా వరకు ఆ మాటలు వినిపించలేదు. వినే అర్హత కూడా లేదనిపించింది.

బయల్దేరేటప్పుడు రమ్యశ్రీ నేరుగా వెళ్లి ప్రహ్లాదన్న బండి ఎక్కింది. చంద్రకళ గారు వచ్చి నా వెనక కూర్చున్నారు. పటాన్‌చెరులో రమ్యశ్రీని దింపాక ప్రహ్లాదన్న నా దగ్గరికి వచ్చాడు.

"నాకు ఎర్కే ఉండె మురళీ. అయినా ఊకున్న. ఆమెకు జెర నిమ్మలంగ ఉంటది గదా అనుకున్న."

నాలుగు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. ఇన్నాళ్లూ అన్నయ్యా అని పిలిచిన ఆమె, "మురళీమోహన్ గారూ," అంది. "నిషితకి అబద్ధం చెప్పింది మీరూ నేనూ. నేను తెలియక చెప్పాను. నిజం మీరే వచ్చి చెప్పండి."

వెళ్లాను. నిషిత యూనిఫాం కూడా మార్చుకోలేదు. ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఉన్నదంతా చెప్పాను. కొంగల దగ్గర ఆగడం, నేను ఆగకపోవడం, వాళ్ల నాన్న నా కోసం చూడటం. ఏదీ తగ్గించలేదు.

"మరి నాన్నకి తెలుసా, మీరు ముందే వెళ్లిపోయారని?"

"తెలియదమ్మా. నేను వస్తానని అనుకున్నాడు."

"అయితే మీ మీద కోపం రాలేదన్నమాట," అంది. నన్ను ఓదార్చడానికి కాదు. తనకు తాను తేల్చుకుంటోంది. తర్వాత లేచి లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

రమ్యశ్రీ గుమ్మం దాకా వచ్చింది. "ఎల్లుండి దీన్ని తీసుకుని సంగవ్వ దగ్గరికి వెళ్తున్నాను," అంది.

"నేను దింపనా?"

"వద్దు. జోగిపేట బస్సు ఉంది. దారిలో దిగి పుల్కల్ మీదుగా ఆటోలో పోతాం."

నేను చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. అప్పటికి తలుపు ఇంకా మూయలేదు. వీధిలోకి వచ్చాక గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.