మిక్కా పేనిన తాడు

లోక్రి ఊళ్ళో ఆడవాళ్ళు పొద్దున్నే చేంతాడు కొస కత్తిరించి, ఆ తర్వాతే నీళ్ళు తోడుకుంటారు. మిక్కా పేనిన తాడు పెరుగుతూనే ఉంటుంది మరి. గోళ్ళు పెరిగితే తీసుకోమూ, అలాగే. పైగా కత్తిరించినకొద్దీ జోరుగా పెరుగుతుంది.

ఆ రోజు మిక్కా తన మొగుడి మెడకు తాడు పేనుతోంది. ఆ ఊళ్ళో కొత్త చట్టం అడిగేవాడు ఉరితాడు వేసుకుని సభలో నిలబడాలి. నెగ్గితే తాడు తీసేస్తారు, ఓడితే అక్కడే బిగిస్తారు. ఊరికి మొట్టమొదట చట్టాలు రాసిన పెద్దాయన, ఎప్పుడో పోయాడు, ఆయన పెట్టిన పద్ధతి ఇది. సభలో గీసిన గీత లోపలికి సభపెద్ద పిలిచినవాళ్ళే ఏ మాటకైనా చెయ్యెత్తాలనీ ఆయనే రాశాడు. పొలాలున్న నూరు ఇళ్ళవాళ్ళను తప్ప ఏ సభపెద్దా ఎవర్నీ పిలిచిన పాపాన పోలేదు.

"ఇంకోసారి ఆలోచించుకోవయ్యా," అంది నార తడుపుతూ.

"యుద్ధమొస్తే తెడ్డు వెయ్యడానికి మా జాలర్లు కావాలి. యుద్ధం కావాలా వద్దా అంటే మాత్రం గీత అవతల నిలబడాలి," అన్నాడు లాంపిస్. "చేతులెత్తింది వాళ్ళు, పోయింది మన పెద్దాడు. ఇక ఊరుకోనే."

మిక్కా కళ్ళు తుడుచుకుంది. "అయితే నేను పేనిన తాడే నీ మెడలో పడాలి."

మర్నాడు సభలో లాంపిస్ మాటకు పట్టుమని పది చేతులు లేవలేదు.

"లాగండి," అన్నాడు సభపెద్ద దెక్సియాస్.

చెరో కొసా పట్టుకుని ఇద్దరు లాగారు. తర్వాత పదిమంది లాగారు. వెనక్కి నడిచినకొద్దీ తాడూ పెరుగుతూ వాళ్ళతోపాటే వెళ్ళింది. లాంపిస్ మెడలో మాత్రం పూలదండలా వదులుగా వేలాడింది.

"మిక్కా తాడు ఎవడు తెమ్మన్నాడయ్యా?"

"ఊళ్ళో ఇంకో తాడెక్కడిదండీ?"

ఎండ నెత్తికెక్కింది. పొలాలున్న పెద్దల అరచేతులు బొబ్బలెక్కాయి. దెక్సియాస్‌కు ఒళ్ళు మండింది. గీత అవతల నిలబడ్డ జాలర్ల మీద అరిచాడు. "గుడ్లప్పగించి చూస్తారేంట్రా? రండి లోపలికి! వలలు లాగే చేతులేగా!"

జాలర్లు కదల్లేదు. సాటివాడి మెడకు తాడు ఎలా బిగిస్తారు? గోడ మీంచి చూస్తున్న మిక్కా ముందుకు వంగింది. గట్టిగా కేకేసింది.

"సభపెద్దే పిలుస్తున్నాడుగా, వెళ్ళండర్రా!"

అందరూ గీత దాటి తాడు పట్టుకున్నారు. పెద్దలకంటే వాళ్ళే ఎక్కువ.

"దెక్సియాస్ గారూ," అన్నాడు లాంపిస్, "వీళ్ళని మీ నోటితో మీరే పిలిచారు. మళ్ళీ అడుగుతున్నా. పొలం లేనివాళ్ళు చెయ్యెత్తొచ్చా?"

దెక్సియాస్ నోరు తెరిచేలోగా మిక్కాకు సభ నిండా చేతులే కనిపించాయి. తాడు లాగుతూ చెయ్యెత్తడం ఎవరి వల్లా కాదు. అందరూ వదిలేశారు.